మబ్బుల మీద ఇష్టం, లెక్కలంటే భయం: వాతావరణ శాస్త్రం చదువుపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం, వాయు పర్యావరణం చదవడం. వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. ఒకరికి రాసిన జవాబులో మరొకరికి పనికివచ్చే మాట ఉంది కనుక, వీలైతే వరుసగా చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి మబ్బులను, మెరుపులను చూస్తూ గడపడం నాకు ఇష్టం. పాఠశాల చదువు ముగియవస్తోంది. వాతావరణ శాస్త్రంలో డిగ్రీ చేయాలని ఉంది గాని, గణితం నాకు అంతగా రాదు. గణితం తక్కువగా ఉండే విశ్వవిద్యాలయాన్ని వెతుక్కుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇంత కటువుగా మొదలుపెట్టినందుకు ఏమీ అనుకోకండి. మూడేళ్ల తరువాత తెలిసి నొచ్చుకోవడం కంటే ఇప్పుడే తెలియడం మేలు. వాతావరణ శాస్త్రం అంటే గాలికి వర్తింపజేసిన భౌతికశాస్త్రం, అందులోంచి గణితాన్ని తీసివేస్తే మిగిలేది వర్ణన. వర్ణన తక్కువదని నేననను. 1802లో ల్యూక్ హోవర్డ్ అనే లండన్ మందుల తయారీదారు మేఘాలకు పెట్టిన క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ అనే పేర్లను ఈనాటికీ వాడుతున్నాం. అయితే ఆ మేఘం సాయంత్రానికి కురుస్తుందా, కరిగిపోతుందా అన్నది పేరును బట్టి మాత్రమే తేలదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. నీరు పల్లమెరుగు అంటారు. ఆ లెక్కన గాలి కూడా అధిక పీడనం ఉన్న చోటి నుంచి అల్పపీడనం ఉన్న చోటికి తిన్నగా పోవాలని మనకు తోస్తుంది. నేలకు కొంత ఎత్తున, భూమధ్యరేఖకు దూరంగా, గాలి అలా పోదు. ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే సమపీడన రేఖల మీదుగా దాటిపోకుండా వాటి వెంబడే సాగుతుంది. పీడన భేదం ఒకవైపు నెడుతుంటే, తిరిగే భూమి మీద నిలబడి చూస్తున్నందువల్ల మన లెక్కలోకి వచ్చే కొరియాలిస్ బలం రెండోవైపు లాగుతుంది, రెండూ దాదాపు సరితూగుతాయి. ఈ సంగతిని ఎంతసేపు ఆకాశం చూసినా ఊహించలేం; కాగితం మీద న్యూటన్ రెండవ నియమాన్ని రాసి, అందులో ఏ పదం పెద్దదో ఏది చిన్నదో తూచి చూస్తేనే బయటపడుతుంది. భూమధ్యరేఖ దగ్గర కొరియాలిస్ బలం సున్నాకు చేరుతుంది కనుకనే, దానికి అటూ ఇటూ ఐదు డిగ్రీలలోపు తుఫానులు పుట్టడం చాలా అరుదు. ఇంత పెద్ద విషయం ఒక చిన్న సమీకరణంలో ఇమిడి ఉండడమే నన్ను ఈ చదువుకు కట్టిపడేసింది.

ఇలాంటి కొద్దిపాటి నియమాలతో, అంటే గమన నియమాలు, ద్రవ్యనిత్యత్వం, ఉష్ణగతిశాస్త్ర మొదటి నియమం, వాయు స్థితి సమీకరణం, నీటి ఆవిరి లెక్క వీటితో, ఇవాళ్టి గాలి నుంచి రేపటి గాలిని గణించవచ్చని నార్వే శాస్త్రవేత్త విల్హెల్మ్ బెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించాడు. ఆ పనిని చేత్తో చేసి చూసిన ధైర్యశాలి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూనే, 1910 మే 20నాటి పరిశీలనలను ముందు పెట్టుకొని, యూరప్‌లో ఒక ప్రాంతం మీద ఆరు గంటలలో పీడనం ఎంత మారాలో ఆయన లెక్క కట్టాడు. 145 హెక్టాపాస్కల్‌లు పెరగాలని జవాబు వచ్చింది. నిజానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు. ఆ ఫలితాన్ని ఆయన దాచుకోలేదు, 1922లో తన పుస్తకంలో ఉన్నదున్నట్టు అచ్చు వేశాడు. సమీకరణాలు సరైనవే, మొదట తీసుకున్న గాలి విలువలకూ పీడన విలువలకూ పొంతన కుదరకపోవడమే దోషమని తరువాతివారు తేల్చారు. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అనే ముగ్గురు ఎనియాక్ కంప్యూటర్ మీద తొలి సఫల గణన చేసినప్పుడు, ఇరవై నాలుగు గంటల అంచనాకు ఇంచుమించు ఇరవై నాలుగు గంటల కాలమే పట్టింది. రేపటి సంగతి రేపటికే తెలిసిందన్నమాట!

ఇక మీ భయం సంగతి. మీకు కావలసినవి అనేక చలరాశుల కలనగణితం, సదిశలు, అవకలన సమీకరణాలు, గణాంకశాస్త్రం. వీటిని విశ్వవిద్యాలయం మొదటి రెండేళ్లలో నేర్పుతుంది. ముందే నేర్చుకొని రావాలని ఎవరూ అనరు. కనుక గణితం రాదా, ఇంకా రాలేదా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. లెక్క చేతికందేదాకా కూర్చోగల ఓపిక ఉంటే వేగం లేకపోయినా ఫరవాలేదు. సదిశ కలనం పరీక్షను రెండోసారి రాసి గట్టెక్కినవాణ్ణి కనుక ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. లెక్క ముందు కూర్చోవడమే దుర్భరమనిపిస్తే మాత్రం, మేఘాలను ఇష్టంగానే ఉంచుకొని చదువును వేరేచోట వెతుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయంలో ‘వాతావరణ శాస్త్రం’ అని ఉంది, మరొకచోట ‘వాయు పర్యావరణం’ అని ఉంది. రెండూ గాలి గురించే కదా! తేడా ఏమిటి? ఏది ఎంచుకోవాలి?

జవాబు: గాలి ఒకటే, దానిని అడిగే ప్రశ్నలు రెండు. ఎటు పోతున్నావు, ఎప్పుడు కురుస్తావు అని అడిగేది మొదటి శాస్త్రం. నీలో ఏమేమి ఉన్నాయి, ఎక్కడి నుంచి వచ్చాయి, చివరికి ఏమవుతాయి అని అడిగేది రెండోది. పొడి గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ పోగా మిగిలిన ఒక్క శాతంలో కూడా అధికభాగం ఆర్గాన్‌దే. ఆ తరువాత మిగిలే అత్యల్ప భాగంలోనే కార్బన్ డయాక్సైడ్, ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, గంధకపు వాయువులు సర్దుకుంటాయి. వాటితో పాటు గాలిలో తేలే సన్నని ధూళి, పొగ కణాలు ఉంటాయి. వాయు పర్యావరణం చదివేవారి కాలమంతా ఈ కాస్త దానితోనే గడుస్తుంది.

కాని ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చదివితే రెండూ సగమే అర్థమవుతాయని నా అభిప్రాయం. ఒక నగరంలో రోజంతా ఒకే మోతాదులో పొగ వెలువడుతోందని అనుకుందాం. అయినా మధ్యాహ్నం కొలిస్తే తక్కువ, తెల్లవారుజామున కొలిస్తే ఎక్కువ తేలుతుంది. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది కనుక, నేలను అంటిపెట్టుకొని ఉండే సరిహద్దు పొర కిలోమీటరు, ఒక్కోసారి రెండు కిలోమీటర్ల మందానికి ఎదుగుతుంది, పొగ అంత మేరా కలిసిపోతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి మందగిస్తే నేల త్వరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి అనే తలకిందుల అమరిక ఏర్పడుతుంది. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అప్పుడు ఆ పొర ఒకటి రెండు వందల మీటర్లకు కుంచించుకుపోయి, మూతపెట్టిన గిన్నెలో ఆవిరిలా పొగ అక్కడే మగ్గుతుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద కూర్చున్న పొగమంచు ఇలాంటిదే. బొగ్గు పొగ ఆ నగరానికి కొత్త కాదు, ఆ ఐదు రోజులూ కదలని గాలీ, తొలగని విలోమమూ తోడయ్యాయి. అప్పట్లో దాదాపు 4,000 మరణాలని లెక్క వేశారు. తరువాతి అధ్యయనాలలో కొన్ని ఆ సంఖ్యను 12,000 వరకు తీసుకువెళ్లాయి. కాలుష్యాన్ని కొలిచేవారికి గాలి కదలికలు తెలియకపోతే ఇలాంటి విపత్తుకు సగం కారణం కంటికే ఆనదు.

రసాయనం వైపు నుంచి చూస్తే మరింత విచిత్రమైన సంగతులున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగమంచు లండన్ పొగమంచు లాంటిది కాదని, వాహనాల నుంచీ చమురు పరిశ్రమల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్లలో ఆరీ హాగెన్-స్మిట్ నిరూపించాడు. ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. అంతేకాదు, అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఎదురుపడిన ఓజోన్‌ను మింగేస్తుంది. అందువల్ల వాహనాలు కిక్కిరిసిన కూడలిలో కంటే, గాలివాలున ఊరి బయట ఉన్న పొలాల మీద ఓజోన్ ఎక్కువగా ఉండడం మామూలే. నైట్రోజన్ ఆక్సైడ్లను మాత్రమే కొంత తగ్గిస్తే కొన్ని నగరాలలో ఓజోన్ పెరుగుతుంది కూడా. ఈ చర్యల గొలుసు తెలియకుండా చట్టాలు రాస్తే మంచి ఉద్దేశంతోనే చెడు ఫలితం రావచ్చు.

రెండు శాస్త్రాలూ కలిస్తేనే విడిన చిక్కుముడి ఓజోన్ రంధ్రం. చలియంత్రాలలో వాడిన, క్లోరిన్ ఉండే క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులు పై గాలిలోని ఓజోన్‌ను నాశనం చేయగలవని 1974లో మోలినా, రోలండ్ హెచ్చరించారు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికా మీద ఓజోన్ పడిపోవడాన్ని వెల్లడించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఈ వాయువులు ఎక్కువగా వెలువడినది ఉత్తరార్ధగోళంలో కదా, రంధ్రం దక్షిణ ధ్రువం మీద ఎందుకు పడింది? చలికాలంలో ఆ ధ్రువం చుట్టూ సుడిగాలి బలంగా బిగుసుకొని లోపలి గాలిని వేరుచేస్తుంది, లోపల దాదాపు మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడి, ఓజోన్ ఉండే పై పొర అయిన స్ట్రాటో ఆవరణంలో సైతం మేఘాలు ఏర్పడతాయి, ఆ మేఘ కణాల ఉపరితలాల మీద క్లోరిన్ క్రియాశీలమై, వసంతంలో సూర్యుడు తిరిగి కనిపించగానే ఓజోన్‌ను తినేస్తుంది. ఈ ఒక్క వాక్యంలోనే గతిశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం, రసాయనం మూడూ ఉన్నాయి.

ఏది ఎంచుకోవాలన్న దానికి వస్తే, పేరు చూసి కాక పాఠ్యప్రణాళిక చూసి నిర్ణయించుకోండి. దేశ వాతావరణ సంస్థలలో సూచనకర్తగా పనిచేయాలనుకునేవారికి ఉండవలసిన కనీస విద్యను ప్రపంచ వాతావరణ సంస్థ నిర్దేశించింది. గణిత, భౌతిక పునాదుల పైన భౌతిక వాతావరణ శాస్త్రం, గతిశాస్త్రం, వాతావరణ పటాల విశ్లేషణతో కూడిన సినాప్టిక్ విభాగం, శీతోష్ణస్థితి శాస్త్రం అందులో ఉంటాయి. ‘పర్యావరణం’ అన్న పేరుతో ఉన్న డిగ్రీలలో కొన్నింటిలో ఇవన్నీ ఉండవు. చేరిన తరువాత కాక చేరకముందే ఈ సంగతి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ప్రయోగశాల, పరికరాలు, రసాయనం మీకు ఉత్సాహమిస్తే రెండో దారి మంచిది.

ప్రశ్న: నేను వాతావరణ శాస్త్రం రెండో సంవత్సరం విద్యార్థినిని. ఆకాశం మీద ప్రేమతో చేరాను. రెండేళ్లుగా నల్లబల్ల మీద సమీకరణాలే తప్ప మేఘం కనబడలేదు. మానేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీలాంటి ఉత్తరం ఈ శీర్షికకు ప్రతి ఏడూ ఒకటైనా వస్తుంది. తప్పు మీలో లేదు, చాలావరకు పాఠం చెప్పే తీరులో ఉంది. సమీకరణానికీ కిటికీకీ మధ్య దారి ఎవరూ చూపించలేదు కనుక మీరే వేసుకోవాలి.

రేపు మధ్యాహ్నం ఉష్ణోగ్రతను, మంచు బిందువును (గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీరవడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రతను) చూసి రాసుకోండి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, మంచు బిందువు 22 డిగ్రీలు అనుకుందాం; తేడా 8 డిగ్రీలు. పైకి లేచే పొడి గాలి కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని మీరు ఉష్ణగతిశాస్త్ర పాఠంలో నిరూపించే ఉంటారు. మంచు బిందువు కూడా ఎత్తుతో పాటు కొద్దిగా, కిలోమీటరుకు రెండు డిగ్రీల లోపు, తగ్గుతుంది. కనుక తేడా కిలోమీటరుకు సుమారు 8 డిగ్రీల చొప్పున మూసుకుపోయి, దాదాపు కిలోమీటరు ఎత్తున ఆవిరి నీరవుతుంది. అప్పుడు తల ఎత్తి చూడండి. దూదిపింజల్లాంటి క్యుములస్ మేఘాల అడుగుభాగాలన్నీ గీత గీసినట్టు ఒకే ఎత్తున ఎందుకున్నాయో మీకు తెలిసిపోతుంది. నల్లబల్ల మీది సమీకరణం అక్కడ తెల్లగా తేలుతూ ఉంటుంది.

రెండో పని ఒక నోటు పుస్తకం. ప్రపంచమంతటా వందల కేంద్రాల నుంచి సార్వత్రిక సమయం ప్రకారం 00, 12 గంటలకు రేడియోసోండ్ బెలూన్లు ఎగురవేస్తారు. ముప్పై కిలోమీటర్ల ఎత్తు వరకు వెళ్లి పగిలేలోగా అవి పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలుల విలువలు పంపుతాయి. మీకు దగ్గరి కేంద్రం వివరాలు తీసుకొని వారానికి ఒక్కసారైనా చేత్తో పటం గీయండి. కంప్యూటరు క్షణంలో గీసేదాన్ని చేత్తో గీయడమెందుకంటారా? చేత్తో గీసినప్పుడే ప్రతి మలుపు దగ్గరా ఇది ఇక్కడెందుకు వంగిందన్న ప్రశ్న పుడుతుంది.

ఆ పుస్తకంలోనే ప్రతి సాయంత్రం, రేపు వాన పడే అవకాశం ఎంతో ఒక సంఖ్యగా రాయండి. పడవచ్చు, పడకపోవచ్చు అని రాస్తే ఒప్పుకోను. 70 శాతం అనుకుంటే 0.7 అని రాయండి. మర్నాడు వాన పడితే 1, లేకపోతే 0. రెండిటి తేడాను వర్గం చేయండి: పడితే 0.09, పడకపోతే 0.49. 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించిన ఈ మార్కులో తక్కువ వస్తే గొప్ప. రోజూ కళ్లు మూసుకొని 0.5 అని రాసేవారికి ఎప్పుడూ 0.25 వస్తుంది, మూడు నెలల మీ సగటు అంతకంటే తక్కువ ఉందో లేదో చూసుకోండి. ఆ తరువాత, నిన్నటి వాతావరణమే ఇవాళ కూడా అని రాసే సోమరిని ఓడించగలిగారా చూడండి. నా విద్యార్థులలో చాలామంది మొదటి నెల ఆ సోమరి చేతిలో ఓడిపోయేవారు, ఎందుకు ఓడిపోయామని తిరిగి పుస్తకాలు తెరిచేవారు. మానేయాలన్న నిర్ణయాన్ని ఈ మూడు నెలలు వాయిదా వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈ కోర్సు చదువుతానంటోంది. టీవీలో వాతావరణం చెప్పడం తప్ప వేరే ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: టీవీలో చెప్పేవారు ఈ రంగంలో చాలా కొద్దిమంది, వారిలోనూ అందరూ ఈ శాస్త్రం చదివినవారు కారు. విమానయానం, నౌకాయానం, వ్యవసాయ సలహా, వరద హెచ్చరిక, పవన విద్యుత్తు, సౌర విద్యుత్తు, బీమా, కాలుష్య నియంత్రణ, ఉపగ్రహ సమాచార విశ్లేషణ ఇవన్నీ ఈ చదువు కోరేవే. గాలి రేపు ఎంత వీస్తుందో తెలియకుండా గాలిమరల విద్యుత్తును అమ్మడం సాధ్యం కాదు. రెండు విషయాలు ముందుగా తెలుసుకోండి. సూచన కేంద్రాలలో రాత్రి విధులు, సెలవు రోజుల విధులు తప్పవు. పరిశోధన వైపు వెళ్లాలంటే సాధారణంగా మొదటి డిగ్రీ చాలదు. ఈ రెండూ మీ అమ్మాయికి సమ్మతమైతే అడ్డు చెప్పకండి.

ప్రశ్న: ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషంలో పది రోజుల వాతావరణం చెప్పేస్తోందట. ఇంకా ఈ సమీకరణాలన్నీ నేర్చుకోవడం దేనికి?

జవాబు: చెప్పేస్తున్న మాట నిజమే. 2023లో పాంగు-వెదర్, గ్రాఫ్‌కాస్ట్ అనే కృత్రిమ మేధ నమూనాలు ప్రముఖ పత్రికలలో వెలువడ్డాయి. పది రోజుల అంచనాను నిమిషం లోపే ఇస్తూ, అనేక కొలమానాలలో సంప్రదాయ నమూనాలను మించాయి. యూరప్ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం 2025లో తన సొంత కృత్రిమ మేధ నమూనాను నిత్య వాడుకలోకి తెచ్చింది. దీనిని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను.

అయితే ఆ యంత్రం దేనిని చదివి నేర్చుకుందో చూడండి. గ్రాఫ్‌కాస్ట్ 1979 నుంచి 2017 వరకు ఉన్న ఇఆర్ఏ5 పునర్విశ్లేషణతో శిక్షణ పొందింది. పునర్విశ్లేషణ అంటే, చెల్లాచెదురుగా ఉన్న పాత పరిశీలనలను సమీకరణాల ఆధారంగా నడిచే నమూనాతో కలిపి, ప్రతి గంటకూ ప్రపంచ వాతావరణాన్ని తిరిగి నిర్మించడం. అంటే మీరు వద్దంటున్న సమీకరణాలే ఆ యంత్రానికి గురువులు. అది ఇవాళ అంచనా వేయడం మొదలుపెట్టడానికి కావలసిన ప్రారంభ స్థితిని కూడా ఎక్కువగా ఆ పద్ధతే అందిస్తోంది. సగటు దోషాన్ని తగ్గించమని శిక్షణ ఇచ్చినందువల్ల కొన్ని నమూనాలు దూరపు రోజులకు పదును కోల్పోయి, తుఫాను తీవ్రతను తగ్గించి చూపే ధోరణి కూడా ఉంది.

ఇంకొకటి: దోషాన్ని పూర్తిగా తొలగించే యంత్రం లేదు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటరు గణనను మధ్య నుంచి మళ్లీ మొదలుపెడుతూ 0.506127 బదులు 0.506 అని ఇచ్చాడు. కొంతసేపటికి రెండు గణనలకూ పోలికే లేకుండా పోయింది. 1963లో ఆయన ప్రచురించిన వ్యాసం తరువాత ఈ శాస్త్రం తీరు మారింది. 1992 నుంచి పెద్ద కేంద్రాలు ఒకే అంచనాతో సరిపెట్టుకోకుండా, ప్రారంభ స్థితిని కాస్త కాస్త మార్చి అనేక అంచనాలు నడిపి, వాటి చెదురును బట్టి నమ్మకాన్ని నిర్ణయిస్తున్నాయి. కృత్రిమ మేధ నమూనాలు కూడా ఇప్పుడు ఆ బాటలోకే వస్తున్నాయి. యంత్రం ఇచ్చిన యాభై జవాబులలో రెండు మాత్రమే తుఫాను తీరం దాటుతుందని చెబితే, తీరప్రాంతాన్ని ఖాళీ చేయించాలా వద్దా అని అధికారి మిమ్మల్నే అడుగుతారు. ఆ రెండూ భౌతికంగా సాధ్యమేనా, ఆ ప్రాంతపు సముద్ర ఉష్ణోగ్రతా, పైగాలుల కోతా (ఎత్తును బట్టి గాలి వేగం, దిశ మారడం) అందుకు అనుకూలమేనా అన్నది సమీకరణాలు తెలిసినవారే తూచగలరు.

కనుక రెండూ నేర్చుకోండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టండి, పాత నమూనాల లోపలికి తొంగిచూడాలంటే ఫోర్ట్రాన్ అనే పాత భాష చదవగలిగితే చాలు. ఇఆర్ఏ5 సమాచారం ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంది; ప్రపంచమంతా ఒకేసారి దింపుకోకుండా, మీకు బాగా గుర్తున్న ఒక పెద్ద వాన కురిసిన నెలను, ఒక్క చోటును ఎంచుకొని, పీడనం, తేమ, గాలి మూడింటినీ గంట గంటకూ గీసి చూడండి.